డయల్ మీద 400 పెట్టాలా, 200 పెట్టాలా?

కాకినాడ నుంచి ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. కోనసీమలో వాళ్ల అమ్మమ్మగారి మండువా లోగిలి ఉంది. సంక్రాంతి దాటాక దాన్ని కొన్నవాళ్లకు అప్పగించేస్తారు. ఈలోగా ఆ ఇంటిని బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మీద తీసి దాచుకోవాలని ఆమె కోరిక. మామయ్య ఇచ్చిన ఒలింపస్ ఓఎం-1 కెమెరా, 50 ఎంఎం లెన్సు ఉన్నాయి. ఇల్ఫోర్డ్ వాళ్ల హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మ్ వాడుతున్నారు. దాని పెట్టె మీద స్పీడు 400 అని ఉంటుంది. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకు ఈ అంకెను డయల్ మీద చెప్పాలి. అంకె పెద్దదయ్యేకొద్దీ మీటరు తక్కువ వెలుతురు చాలంటుంది. ఇంట్లోనే డి-76 డెవలపర్‌తో, అంటే ఫిల్మ్ మీద బొమ్మను తేల్చే రసాయనంతో, కడుగుతున్నారు.

వేసవిలో తీసిన రోల్స్ ఆమెను బాగా నిరాశపరిచాయి. వసారా లోపలి స్తంభాలు, ధాన్యం గది తలుపు, దూలాలు ఉండాల్సిన చోట నెగటివ్ (కడిగిన ఫిల్మ్, వెలుతురు తగిలిన చోటే నల్లబడుతుంది) ఖాళీగా, గాజులా ఉంది. మండువాలో ఎండ పడిన చోట మాత్రం కటిక నలుపు. ప్రింటులో అటు చీకటి, ఇటు తెల్ల కాగితం. ఇక సలహాలు మొదలయ్యాయి. ఫొటోగ్రఫీ నేర్పిన మాస్టారు, పాతకాలపు స్టూడియో మనిషి, "400 ఫిల్మ్‌కి మీటరు 200 దగ్గర పెట్టమ్మా" అన్నారు. హైదరాబాద్‌లో ఉండే బావ, "కంపెనీ వాడు ల్యాబ్‌లో కొలిచి 400 అని రాస్తే మార్చడానికి మనం ఎవరం?" అన్నాడు. ఇంకొకరు 800 పెట్టి పుష్ చేయమన్నారు, అంటే తక్కువ వెలుతురుతో తీసి ఎక్కువసేపు డెవలప్ చేయమని. "ముగ్గురూ నా మంచి కోరేవాళ్లే. ఎవరి మాట విన్నా ఇంకొకరు చిన్నబుచ్చుకుంటారు. చేతిలో మూడు రోల్స్ ఉన్నాయి, మళ్లీ కొనే పరిస్థితి ఇప్పట్లో లేదు. ఇల్లు పోయాక మళ్లీ తీయలేను. చాలా టెన్షన్‌గా ఉంది. అసలు నా కెమెరాకి సరైన అంకె ఏది?" ఇదీ ఆమె ప్రశ్న.

అమ్మా, ముందుగా ఒక మాట. మీ మాస్టారు చెప్పింది తప్పు కాదు, మీ బావ చెప్పిందీ తప్పు కాదు. ఇద్దరూ చెప్పేది వేర్వేరు విషయాల గురించి. పెట్టె మీది 400 ఆ ఫిల్మ్ గుణం. ఇల్ఫోర్డ్ దాన్ని తన ఐడీ-11 డెవలపర్‌లో, 20 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర కడిగి కొలిచానని సమాచార పత్రంలోనే రాస్తుంది. ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణం పద్ధతిలో, ఖాళీ ఫిల్మ్ కంటే 0.10 డెన్సిటీ (నలుపు ఎంత చిక్కగా ఉందన్న కొలత) ఎక్కువ రావడానికి ఎంత వెలుతురు కావాలో చూసి ఆ అంకె కడతారు. అది నిజాయితీగా కొలిచిందే. అయితే ఆ కొలతలో మీ మీటరు లేదు, మీ షట్టర్ లేదు, మీరు ఫిల్మ్ కడిగే ట్యాంకులోని నీళ్లు లేవు, మీరు కెమెరాను ఎటు తిప్పి రీడింగ్ తీస్తారన్నది లేదు. మీ డయల్ మీద పెట్టాల్సిన అంకెలో ఇవన్నీ కలుస్తాయి. అందుకే ఒకే ఫిల్మ్ ఒకరికి 400 దగ్గర, ఇంకొకరికి 200 దగ్గర చక్కగా పలుకుతుంది.

మాస్టారి 200 వెనక చరిత్ర కూడా ఉంది. 1960కి ముందు అమెరికా ప్రమాణమైన ఏఎస్ఏలో, ఎవరూ ఫిల్మ్‌కి వెలుతురు తక్కువ పెట్టకుండా ఒక స్టాపు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు లేదా సగం) దాకా అదనపు భద్రత కలిపి అంకె చెప్పేవారు. 1960లో ఆ భద్రతను తీసేశారు. అప్పటిదాకా 200గా ఉన్న కొడక్ ట్రై-ఎక్స్ 400 అయింది. ఫిల్మ్ అదే, లెక్క మారింది. ఆ తరం స్టూడియో వాళ్లు, వాళ్ల దగ్గర పని నేర్చుకున్నవాళ్లు పెట్టె మీది అంకెలో సగం దగ్గర మీటరు పెట్టడం అలవాటు చేసుకున్నారంటే అర్థముంది. ఇది చెబితే మీ బావ కూడా కాదనరు.

ఇప్పుడు మీ నెగటివ్‌ల సంగతి. ఉత్తరంలో మీరు పక్కమాటగా రాసిన రెండు వివరాలే నాకు అసలు విషయం చెప్పాయి. ఒకటి, "షాపులో మామూలు బటన్ సెల్ వేయించాను." రెండు, "ఎండాకాలం ట్యాంకు నీళ్లు 31 డిగ్రీలు ఉండేవి, పాకెట్ మీద చూసి ఏడున్నర నిమిషాలు కడిగాను."

రెండోది ముందు చూద్దాం. డి-76 నేరుగా, అంటే నీళ్లు కలపకుండా వాడితే, హెచ్‌పీ5 ప్లస్‌కి ఏడున్నర నిమిషాలన్నది 20 డిగ్రీల లెక్క. వేడి ఒక్కో డిగ్రీ పెరిగినకొద్దీ సమయం సుమారు పది శాతం తగ్గించుకుంటూ పోవాలి. 31 డిగ్రీల దగ్గర అదే ఏడున్నర నిమిషాలు ఉంచితే కావలసినదానికి రెండింతలకు పైగా డెవలప్ అయినట్టు. మండువాలో ఎండ పడిన చోటు కటిక నలుపు కావడానికి ముఖ్య కారణం ఇదే. వెలుతురు బాగా తగిలిన భాగాలు డెవలప్ చేసేకొద్దీ పెరుగుతూనే ఉంటాయి. నీడల్లో మాత్రం పెద్ద మార్పు రాదు. ఇంత ఎక్కువ డెవలప్ అయినా మీ స్తంభాలు, తలుపు కనబడలేదంటే, అక్కడ ఫిల్మ్‌కి వెలుతురే అందలేదు. కాబట్టి మీకున్నవి రెండు వేర్వేరు లోపాలు. ఎక్స్‌పోజర్ (ఫిల్మ్‌కి అందే వెలుతురు) తక్కువ, డెవలప్‌మెంట్ ఎక్కువ. 800 పెట్టి పుష్ చేయమన్న సలహా ఈ రెండింటినీ ఇంకా పెంచుతుంది. దాన్ని మాత్రం పక్కన పెట్టేయండి.

ఇక బ్యాటరీ. ఓఎం-1 మీటరును పీఎక్స్ 625 అనే పాదరసం సెల్ కోసం తయారు చేశారు. అది 1.35 వోల్టులు ఇస్తుంది, అయిపోయేదాకా దాదాపు అంతే ఇస్తుంది. పాదరసం సెల్స్ ఇప్పుడు తయారు కావడం లేదు. షాపుల్లో అదే సైజులో దొరికే ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులతో మొదలై, వాడేకొద్దీ నెమ్మదిగా పడిపోతుంది. ఇలాంటి ముల్లు మీటర్లలో సాధారణంగా వోల్టేజీ ఎక్కువైతే ముల్లు ఎక్కువ వెలుతురు ఉందని చూపిస్తుంది. మీరు దాన్ని నమ్మి అపెర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, మూస్తారు. నీడలు ఖాళీ. ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. ఎప్పుడూ యాభై గ్రాములు తక్కువ చూపే కాటాతో అయినా లెక్క వేసుకుని సరుకు తూయవచ్చు, రోజుకో రకంగా చూపే కాటాతో కుదరదు. మీటరు ఎప్పుడూ ఒకేలా తప్పు చూపిస్తే ఆ తప్పు మీ సొంత అంకెలో కలిసిపోతుంది, పేచీ లేదు. కానీ సెల్ పడిపోతూ ఉంటే ఈ నెల 200 అని తేల్చుకున్నది వచ్చే నెల చెల్లదు. అందుకని మీ సొంత అంకె తేల్చుకునే టెస్టు కంటే ముందు సెల్ మార్చండి.

వినికిడి యంత్రాల షాపులో 675 నంబరు జింక్-ఎయిర్ సెల్ అడగండి. 1.4 వోల్టుల దగ్గర నిలకడగా ఉంటుంది, ఖరీదూ తక్కువే. కాస్త చిన్నది కాబట్టి కదలకుండా చుట్టూ రబ్బరు రింగు వేయాలి. స్టిక్కరు తీశాక కొన్ని వారాలే పనిచేస్తుంది. మీకు కావలసింది సంక్రాంతి దాకానే కనుక అది చాలు. ఎక్కువ కాలం వాడాలనుకుంటే ఎంఆర్-9 అనే అడాప్టర్ ఉంది. దాంట్లో సిల్వర్ ఆక్సైడ్ సెల్ పెడితే వోల్టేజీని అదే తగ్గిస్తుంది, కానీ ఖర్చెక్కువ.

సెల్ మార్చాక ఎవరిదైనా డిజిటల్ కెమెరా ఒక పూట అడిగి తెచ్చుకోండి. రెండింటినీ 400 దగ్గర పెట్టి, ఒకే గోడను మూడు రకాల వెలుతురులో చూడండి. ఎండలో, వసారాలో, గది లోపల. రెండు కెమెరాల రీడింగులకూ మూడు చోట్లా ఒకే తేడా వస్తే మీ మీటరు ఆరోగ్యంగా ఉన్నట్టే. ఆ తేడా ఒక స్టాపు ఉన్నా కంగారు పడకండి. ఎండలో సరిపోయి గదిలో రెండు స్టాపులు తప్పితే మాత్రం ఆ మీటరుకు ఏ అంకె పెట్టినా లాభం లేదు. అప్పుడు డిజిటల్ కెమెరానే మీటరుగా వాడి, ఓఎం-1 మీద షట్టర్, అపెర్చర్ చేత్తో పెట్టుకోండి. ఆ కెమెరా బ్యాటరీ లేకపోయినా షట్టర్ కొడుతుంది, అదే దాని గొప్ప.

ఇక్కడిదాకా వచ్చాక మీ ముందు మూడు దారులున్నాయి. ఏది ఎంచుకున్నా దాని లాభనష్టాలు మీకు తెలిసి ఉండాలి.

మొదటిది, టెస్టు ఏదీ చేయకుండా మాస్టారు చెప్పినట్టు 200 పెట్టుకుని వెళ్లిపోవడం. ఇది తేలిక దారే కానీ సోమరి దారి కాదు. బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌కి వెలుతురు కాస్త ఎక్కువైతే వచ్చే నష్టం చిన్నది, తక్కువైతే వచ్చే నష్టం మళ్లీ పూడ్చలేనిది. కాకపోతే 200తో పాటు డెవలప్‌మెంట్ కూడా పదిహేను, ఇరవై శాతం తగ్గించాలి. లేకపోతే నీడలు బాగుపడి మండువా ఇంకా నల్లబడుతుంది. మాస్టారు తన స్టూడియోలో ఆ తగ్గింపు చేస్తూనే ఉండి ఉంటారు, అలవాటైన పని కాబట్టి మీకు విడిగా చెప్పాలని తోచి ఉండదు. అడిగి చూడండి. ఈ దారిలో ఇంకో నష్టం, ఒక స్టాపు వెలుతురు పోతుంది. గదిలో షట్టర్ వేగం 1/30 సెకను వచ్చే చోట 1/15 వస్తుంది, స్టాండు తప్పదు.

రెండోది, నేను మీ స్థానంలో ఉంటే చేసేది. ఒక రోల్‌ను టెస్టుకు ఇవ్వడం, కానీ ఆ టెస్టును ఆ ఇంట్లోనే చేయడం. అప్పుడు రోల్ వృథా కాదు, టెస్టు ఫొటోలే ఇంటి ఫొటోలు అవుతాయి. వసారాలో ఒక మూల ఎంచుకోండి. చీకటి తలుపు, స్తంభం, దగ్గర్లో తెల్ల పంచె కట్టుకున్న మనిషి ఎవరైనా కూర్చుని ఉంటే ఇంకా మంచిది. కెమెరా స్టాండు మీద పెట్టి, డయల్ 800, 400, 200, 100, 50 మీద ఒక్కో ఫ్రేము తీయండి, ప్రతిసారీ ముల్లు మధ్యకు తెచ్చి. షట్టర్ కదపకుండా అపెర్చర్ మాత్రమే మార్చండి. పాత షట్టర్ల వేగాలు ఒక్కోటి ఒక్కో రకంగా తప్పుతాయి, ఆ తేడా ఈ లెక్కలోకి రాకూడదు. ఏ ఫ్రేము ఏ అంకెతో తీశారో పుస్తకంలో రాసుకోండి. గుర్తుంటుందిలే అనుకోవద్దు, ఉండదు.

కడిగాక నెగటివ్‌ను కిటికీ వెలుతురులో చూస్తే సగం సమాధానం అక్కడే కనబడుతుంది. ముందు నీడలు మాత్రమే చూడండి. తలుపు చెక్క మీది గీతలు, గొళ్లెం మీకు కావలసినంతగా కనబడుతున్న ఫ్రేములలో అన్నిటికంటే తక్కువ వెలుతురు అందింది ఏదో, ఆ అంకె మీది. తరవాత అదే ఫ్రేములో తెల్ల పంచె చూడండి. మడతలు తెలుస్తుంటే మీ కడిగే సమయం సరిపోయింది. మడతలు పోయి గడ్డకట్టినట్టు ఉంటే తర్వాతి రోల్‌కు సమయం తగ్గించండి, అంకెను మార్చకండి. నీడలను ఎక్స్‌పోజర్‌తో, వెలుగులను డెవలపర్‌తో సరిచేసుకోవాలి. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే చాలామంది సంవత్సరాల తరబడి అంకెలు మారుస్తూ ఉంటారు.

మూడోది, ఇంకా లోతుగా వెళ్లే పద్ధతి. యాన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1940 ప్రాంతంలో అమెరికాలో రూపొందించిన జోన్ సిస్టమ్ (నలుపు నుంచి తెలుపు దాకా ఛాయలను మెట్లుగా విడగొట్టే లెక్క) నుంచి వచ్చింది. నీడలో సమంగా వెలుతురు పడే సాదా గోడ తీసుకోండి. ఫ్రేము నిండా అదే ఉండాలి. లెన్సు ఇన్ఫినిటీ (అతి దూరపు ఫోకస్) మీద పెట్టండి, గోడ మసకగానే రావాలి. డయల్ 400 మీద ఉండగా రీడింగ్ 1/60 సెకను, అపెర్చర్ ఎఫ్ 2.8 (ఎఫ్ అంకె పెద్దదైతే రంధ్రం చిన్నది) వచ్చిందనుకుందాం. మీటరు ఏ గోడనైనా మధ్యస్థ బూడిద రంగుగా చేస్తుంది. అక్కడి నుంచి నాలుగు స్టాపులు మూస్తే ఎఫ్ 11. అది నలుపులో మొదటి జీవం ఉండే చోటు, జోన్ ఒకటి. ఇక 1/60 కదపకుండా ఎఫ్ 16, ఎఫ్ 11, ఎఫ్ 8, ఎఫ్ 5.6 దగ్గర, వాటి మధ్య సగం సగం దగ్గర కూడా తీయండి. ఇవి వరసగా 800, 400, 200, 100 అంకెలకు సమానం. లెన్సుకు మూత పెట్టి ఒక ఖాళీ ఫ్రేము కూడా కొట్టండి.

దీన్ని చదవడానికి డెన్సిటీ కొలిచే డెన్సిటోమీటరు అక్కర్లేదు. మాస్టారి దగ్గర ఎన్‌లార్జర్ (నెగటివ్‌ను కాగితం మీద ప్రింటు చేసే యంత్రం) ఉందని రాశారు కదా. ఖాళీ ఫ్రేము పెట్టి, కాగితం పూర్తి నలుపు కావడానికి కనీసం ఎన్ని సెకన్లు పడుతుందో టెస్టు స్ట్రిప్‌తో, అంటే ఒకే కాగితం ముక్క మీద వేర్వేరు సెకన్లు ఇచ్చి చూసి, తేల్చండి. సరిగ్గా అన్ని సెకన్లే ఇస్తూ మిగతా ఫ్రేములు ప్రింట్ చేయండి. తక్కువ వెలుతురు ఫ్రేము నుంచి మొదలుపెట్టి చూసుకుంటూ వస్తే, నలుపు కంటే ఆవగింజంత తేలిక అయిన మొదటి ఫ్రేము మీ అంకె. డిజిటల్ కెమెరాతోనూ చేయవచ్చు. నెగటివ్‌ను వెనక సమానమైన తెల్లటి వెలుతురు పెట్టి దగ్గరగా చూస్తే, 0.10 డెన్సిటీ అంటే మూడో వంతు స్టాపు. ఖాళీ ఫ్రేము కంటే షట్టర్ ఒక్క క్లిక్కు ఎక్కువ అడిగే ఫ్రేము మీకు కావలసింది.

ఈ పద్ధతి అందంగా, కచ్చితంగా ఉంటుంది, నాకు ఇష్టం కూడా. అయినా మూడు రోల్స్ మాత్రమే ఉన్న మీకు ఇప్పుడే ఇది చేయమని గట్టిగా చెప్పను. గోడను కొలిచి తేల్చిన అంకెను నమ్ముకుని, మండువా ఎదురుగా కెమెరా పెట్టి ముల్లు మధ్యకు తెస్తే మళ్లీ పాత కథే. ఓఎం-1 మీటరు ఫ్రేము మధ్య భాగానికి ఎక్కువ విలువ ఇచ్చి మొత్తాన్ని సగటు చేస్తుంది. మండువా లోగిలిలో ఆ మధ్యనే ఆకాశం నుంచి వెలుతురు దిగుతుంది, చుట్టూ వసారాలు, గదులు చీకటి. ఎండవేళ ఆ రెండింటికీ ఏడెనిమిది స్టాపుల తేడా తేలిగ్గా ఉంటుంది. ఏ అంకె పెట్టినా మీటరు ఆ వెలుగునే చూసి గదులను చీకట్లో వదిలేస్తుంది. ఇది ఫిల్మ్ స్పీడుకు సంబంధించింది కాదు, రీడింగ్ ఎక్కడ తీశామన్నదానికి సంబంధించింది.

అందుకని ఆ ఇంట్లో ఇలా చేయండి. మీకు వివరం కావలసిన చీకటి భాగం దగ్గరికి వెళ్లి, అది ఒక్కటే ఫ్రేములో నిండేలా రీడింగ్ తీయండి. దాని నుంచి రెండు స్టాపులు మూసి, వెనక్కి వచ్చి ఫొటో తీయండి. ఒక జాగ్రత్త చెప్పాలి. మాస్టారి 200లో సగటు రీడింగ్‌తో నీడలు చావకుండా ఉంచే భద్రత కొంత ఉంది. నీడలోనే నేరుగా కొలవడం మొదలుపెడితే ఆ భద్రత అంతా అవసరం ఉండకపోవచ్చు. అప్పుడు మీ అంకె 320కో 400కో దగ్గరగా తేలితే ఆశ్చర్యపోకండి. ఏ రీడింగ్ పద్ధతితో ఇల్లంతా తీస్తారో టెస్టు కూడా అదే పద్ధతితో చేయండి. సగటుతో టెస్టు చేసి నీడ రీడింగ్‌తో తీయడం, లేదా దానికి తిరగేసి చేయడం, రెండూ ఫలితాన్ని పాడుచేస్తాయి.

ఎండ నేరుగా మండువాలోకి దిగే మధ్యాహ్నం వద్దు. పొద్దున్నే, లేదా ఎండ గోడ మీదికి ఎక్కిపోయిన సాయంత్రం తీయండి. ఏ డయలూ చేయలేని మేలు అది చేస్తుంది. దేవుడి గది లాంటి చోట్ల ఎక్స్‌పోజర్ సెకన్లలోకి పోతుంది. అర సెకను దాటాక ఈ ఫిల్మ్ స్పీడు కొంత పడిపోతుంది. మీటరు 4 సెకన్లు అంటే 6 ఇవ్వండి, 10 అంటే 20 ఇవ్వండి. ఇది డయల్ మార్చి సరిచేసేది కాదు, ఆ ఫ్రేముకు మాత్రమే.

కడగడంలో ఇక ఒక్క పద్ధతికి కట్టుబడండి. మన దగ్గర 20 డిగ్రీల నీళ్లు చలికాలంలో కూడా కష్టమే. 24 డిగ్రీలు తేలిగ్గా నిలుస్తుంది. బకెట్‌లో ఐస్ ముక్కలు వేసి ట్యాంకు అందులో ఉంచితే చాలు. డి-76ను సమానంగా నీళ్లు కలిపి వాడండి. 20 డిగ్రీల దగ్గర పదకొండు నిమిషాల ప్రాంతంలో ఉండే సమయం 24 దగ్గర ఎనిమిది లోపు వస్తుంది. టెస్టు రోల్‌కు అంత ఇవ్వండి. 200 దారి పట్టినా, పంచె గడ్డకట్టినట్టు వచ్చినా ఆరున్నరకు తగ్గించండి. సమయం ఎప్పుడూ అయిదు నిమిషాల కంటే తక్కువ రానివ్వకండి, ఫిల్మ్ మీద మరకల్లా అసమానంగా వస్తుంది. ట్యాంకు తిప్పడం కూడా ప్రతిసారీ ఒకేలా ఉండాలి.

మాస్టారి, బావగారి సంగతి. టెస్టు ప్రింట్లు తీసుకుని మాస్టారి దగ్గరికి వెళ్లండి. "మీరు 200 అన్నారు, నా కెమెరాకు ఎంత వచ్చిందో చూసి చెప్పండి" అని ఆయన ముందు పెట్టండి. ఎన్‌లార్జర్ ఎలాగూ ఆయనదే, ఆ పని ఇద్దరూ కలిసి చేస్తే ఇంకా మంచిది. వచ్చిన అంకె 250 కావచ్చు, 160 కావచ్చు, అచ్చంగా 400 కావచ్చు. అది ఆయన మాటను కొట్టేసేది కాదు, ఈ సెల్‌తో, ఈ లెన్సుతో, ఈ డెవలపర్‌తో మీకు తేలినది. బావగారికి ఇల్ఫోర్డ్ కొలిచిన పరిస్థితులు చదివి వినిపించండి. 20 డిగ్రీలు అన్న చోట ఆగి, మీ ట్యాంకు నీళ్ల వేడి చెప్పండి.

మొదటి రోల్ కడిగి చూడకుండా మిగతా రెండూ కెమెరాలో పెట్టకండి. మధ్యలో కనీసం ఒక వారం ఉండేలా ప్రయాణాలు చూసుకోండి. తేలిన అంకె, డెవలపర్, వేడి, సమయం ఒక చిన్న కాగితం మీద రాసి కెమెరా వెనక టేపుతో అంటించండి. సెల్ మార్చినా, ఫిల్మ్ రకం మార్చినా ఆ కాగితం తీసేసి మళ్లీ అయిదు ఫ్రేములు తీసి చూసుకోవాలి.